తల మీద నూగు

"ఉన్నది ఉన్నట్టు రాయండి మేడం. చూడకుండా తప్పు నా దుప్పటి మీదికి మాత్రం నెట్టకండి," అంది గోడౌన్ కాపలామనిషి.

ఆ మేడం ఆమె సొంత చెల్లెలు. పురుగుల పరీక్ష ఆఫీసు నుంచి వచ్చింది. అక్కచెల్లెళ్లని మేనేజర్‌కు తెలిస్తే రిపోర్టు చిత్తుకాగితం అయిపోతుంది. అందుకని గేటు దాటాక చుట్టరికం లేదని ముందే అనుకున్నారు.

ధాన్యం బస్తాల మీద గోరంత రెక్కల పురుగులు ఎగురుతున్నాయి. కొనడానికొచ్చిన వ్యాపారి వాటిని చూసి లారీ వెనక్కి తిప్పుకుపోయాడు. అవి కాపలామనిషి ఉన్ని దుప్పటిలోంచే వచ్చాయని మేనేజర్ వాదన. పొద్దున్నే ఆ దుప్పటిని తగలబెట్టించాడు కూడా. కాదు, ధాన్యంలోనే వచ్చాయని అక్క వాదన.

"ధాన్యం పురుగైతే సరుకంతా పారబోయాలి, దాంతోపాటు నన్నూ. ఉన్ని పురుగైతే ఈవిడ ఇంటికి. తేల్చండి," అన్నాడు మేనేజర్.

చెల్లెలు ఒకదాన్ని భూతద్దం కింద పెట్టింది. ధాన్యం పురుగుకు తల నున్నగా ఉంటుంది. మూతి దగ్గర మీసాలు కొమ్ముల్లా పైకి తిరిగి ఉంటాయి. వెనక రెక్క కొస వేలులా సాగి ఉంటుంది. దీనికి అవేవీ లేవు. తల మీద మాత్రం అప్పుడే నిద్ర లేచిన పిల్లాడి జుట్టులా రేగిన నూగు. ఇంకోదాన్ని తీసింది. అదీ అంతే.

"మళ్లీ చూడండి మేడం," అంది అక్క.

"ఎన్నిసార్లు చూసినా తల మారదు." అనేశాక ఆ మాట చెల్లెలికే చేదుగా తగిలింది. "ఇవి ఉన్ని తినే కుటుంబం. మీ ధాన్యం జోలికి రావు. సరుకు బాగానే ఉంది."

మేనేజర్ మొహం విప్పారింది. "విన్నావుగా. ఆ చెత్త దుప్పటి ఎక్కడ ఏరుకొచ్చావో గానీ, రేపటి నుంచి ఇటు రాకు."

అక్క చెప్పులేసుకుని గేటు వైపు నడిచింది.

"సరుకు చెడలేదన్నాను కదా. ఒక్క దుప్పటికి మనిషిని తీసేస్తారా?" అంది చెల్లెలు.

"మీ పని పురుగులు, మేడం. మనుషుల సంగతి నేను చూసుకుంటా."

సంతకం పెట్టి బయటపడేసరికి అక్క వీధి మలుపు దాకా వెళ్లిపోయింది. చెల్లెలు పరిగెత్తి అందుకుంది.

"అక్కా, అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. తిట్టు, పడతాను."

"రాసుంటే తిట్టేదాన్నే."

"మరి అంత పురుగు పట్టిన దుప్పటి నీకు అంటగట్టిందెవరు? ఆ పేరు లోపల చెప్పాల్సింది కదా. తప్పు వాళ్ల మీదికి పోయేది. నీ పని నిలబడేది. ఎవర్ని వెనకేసుకొస్తున్నావ్?"

అక్క ఆగింది. ఇందాకటి నుంచి దాచుకున్న చుట్టరికం ఇప్పుడు ఆమె గొంతులోకి వచ్చింది.

"నిన్నేనే, పిచ్చిదానా. మీ ఆఫీసులో పరీక్షలకని పెంచే పురుగుల డబ్బాలకు చుట్టే దుప్పటి, పాతబడిందని పోయిన చలికాలం నాకు కప్పింది నువ్వే."