మార్పుకు కారణం

నారాయణఖేడ్‌లో పప్పు మిషన్లు తయారుచేసే ఆ కార్ఖానాలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఏ మిషన్ డ్రాయింగు ఎప్పుడు, ఎందుకు మారిందో అది నమోదు చేసి ఉంచుతుంది. పాతవన్నీ అందులోకి ఎక్కించే పని రజితది.

"బెల్టుకు మూత లేని డ్రాయింగు ఎక్కియ్యకు. మొదటిసంది మూత ఉన్నట్టే పెట్టు," అన్నాడు యజమాని ప్రతాప్.

"రెండేండ్లు మూత లేకుండనే అమ్మినం సార్. గవి నాగల్‌గిద్ద దిక్కు ఊర్లల్ల ఇంకా నడుస్తున్నయ్. కొన్నోళ్లకు చెప్పొద్దా?"

ప్రతాప్ బల్ల మీద గుద్దాడు. "మిషన్ల కాడ పనిచేసేదానివి, తెచ్చి కుర్సీల కూసోవెట్టిన. యాది మర్చినవా?"

"మర్వలే. అందుకే పాతది గూడ ఎక్కించిన. మూత ఎందుకు పెట్టినమో రాయకుంటే సాఫ్ట్‌వేర్ ఇగ ముందలికి పోతలేదు."

"అందం కోసమని రాయి!"

"అందం కోసమా?" రజిత గొంతు కార్ఖానా అంతా వినబడింది. అవతల వెల్డింగు చప్పుడు ఆగిపోయింది.

ఆమె స్క్రీను వైపు తిరిగింది. కారణం రాయాల్సిన గడిలో, ఎడమచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది.

'నా కుడిచేయి.'