డాబా మీంచి జహీరాబాదు

కుర్చీ ఎక్కడ వేయాలన్న దానిమీద ఆ సాయంత్రం డాబా మీద భాగీరథికీ భర్త జగన్‌మోహన్‌కీ మాటా మాటా పెరిగింది.

"గీడ వెయ్యి. గాలి మంచిగొస్తది" అన్నాడతను మెట్ల దగ్గర నిలబడి.

"గాలి ఎవరిక్కావాలె? ఆడ కూసుంటే మినార్లు కనబడుతయి గని స్టేషను దీపాలు కనబడయి."

ఆమె కుర్చీని తూర్పు మూలకు లాక్కుపోయి తనే కూర్చుని చూసింది. లేచి జానెడు పక్కకు జరిపింది. మళ్లీ కూర్చుంది. ఇప్పుడు అన్నీ కుదిరాయి. ప్రాజెక్టు నీళ్లకు అవతల ఊరంతా ఒక్క వరుసలో కనిపిస్తోంది. మసీదు మినార్లు, చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం, సినిమా హాలు రంగు బల్బులు, రైల్వే స్టేషను దీపాలు. చీకటి పడితే అవన్నీ తలకిందులై నీళ్లలో వెలుగుతాయి.

"కుర్చీ కోసం గింత లొల్లా?"

"వచ్చేటాయన కుర్చీల నుంచి లేచి కిందికి పోతే మన పని ఖతం" అంది భాగీరథి.

సిద్దిపేట నుంచి బదిలీ మీద వచ్చి, పోయిన ఎండాకాలమే ఈ ఇల్లు కొన్నారు. కొనేముందు అందరూ గోడలు తట్టి చూస్తారు. బి.ఏ. చదివిన భాగీరథి మాత్రం డాబా ఎక్కి ఊరు చూసి, "ఇదే తీసుకుందాం" అంది. వానలు పడి ప్రాజెక్టు నిండగానే గోడల్లోకి నడుం ఎత్తున చెమ్మ ఎక్కింది. డాబా మీది అందానికి మాత్రం ఏ లోటూ రాలేదు. నాలుగేళ్ల కూతురికి వానాకాలమంతా పిల్లికూతలే. ఇంకో వానాకాలం ఈ ఇంట్లో ఉంచితే పిల్ల దక్కదని దవాఖానలో డాక్టరు చెప్పేశాడు.

అందుకే ఈ నాటకం. గోడలకు రెండు పూతలు సున్నం కొట్టించి, ఇంకా మరకలు తొంగిచూస్తున్న చోట కేలండర్లు తగిలించారు. బజారులో అంగడి, దాని వెనక గల్లీలో సొంతిల్లు ఉన్న గురులింగప్ప, ఇల్లుకు ఇల్లు మార్చుకుంటానంటే, ఏరి కోరి పున్నమి నాడు రమ్మన్నారు.

ఆయన్ను బయటి మెట్ల మీంచి నేరుగా డాబా ఎక్కించి కుర్చీలో కూర్చోబెట్టింది భాగీరథి. మిరపకాయ బజ్జీలు చేతికిచ్చింది. చంద్రుడు సమయానికే వచ్చాడు. కరెంటు కూడా పోలేదు.

"అరెరె! బొంబాయి సముద్రం లెక్కున్నదమ్మా!" అని గురులింగప్ప కేకేశాడు. మామూలు మాట కూడా ఆయన అరిచినట్టే అంటాడు. అంగట్లో కూర్చునేవాళ్ల గొంతులింతే కాబోలు అనుకుందామె.

"కింద అర్రలు చూస్తరా?" అన్నాడు జగన్‌మోహన్ మర్యాదకు. భాగీరథి అతని కాలు తొక్కింది.

"కిందేమున్నదయ్యా చూడనీకి! జరసేపు గీడ్నే కూసోనియ్యి. పానం ఎంత నిమ్మలంగున్నదో!" అన్నాడాయన. పోయేటప్పుడు, "మా ఇల్లు చూడనీకి అమాసనాడు రాండ్రి. మా దాంట్ల అమాస శానా మంచిది" అని చెప్పాడు.

"అమాసనాడు ఎవలన్న ఇల్లు చూస్తరా?" అని అత్తగారు దేవమ్మ నోరు నొక్కుకుంది.

"గురులింగప్పోళ్లు కర్ణాటక దిక్కోళ్లు అత్తమ్మా, వాళ్లకు అది పండుగ లెక్క. ఒకరి ఆచారానికి మనం విలువియ్యాలె" అని భాగీరథి పాఠం చెప్పింది. తన చదువు ఇన్నాళ్లకు ఒక చోట అక్కరకొచ్చిందని లోపల మురిసిపోయింది కూడా.

అమావాస్యనాడు ఆమె ఒక్క గోడనూ వదల్లేదు. తట్టింది, వాసన చూసింది, మూలల్లో వేళ్లు పెట్టి చూసింది. ఎక్కడా చెమ్మ లేదు. పక్కన ఎత్తుగోడ అవతల ఏముందని అడిగింది.

"ఆడ కందులు పోస్తరమ్మా" అంది గురులింగప్ప భార్య శాంతమ్మ.

విస్తళ్లు వేసి భక్ష్యాలు వడ్డించారు. శాంతమ్మ పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, దగ్గుతున్న ఆ చిన్న ఛాతీని నిమిరింది. "అయ్యో, గీ పిల్లకు..." అని ఏదో అనబోయింది.

"నెయ్యి ఎయ్యవే వాళ్లకు!" అని గురులింగప్ప అరిచాడు.

భాగీరథి తుంచిన భక్ష్యం ముక్కను మళ్లీ విస్తట్లో పెట్టేసింది. ఇంత మంచివాళ్లనా తను చెమ్మలోకి తోస్తున్నది? "శాంతమ్మగారూ, వానకాలంల మా ఇంట్ల..." అని మొదలుపెట్టి, పాప దగ్గు విని నోరు మూసుకుంది. మాట మింగినంత తేలిగ్గానే ఇంకో భక్ష్యమూ మింగింది.

రిజిస్ట్రేషన్ అయిపోయింది. వచ్చే అమావాస్యనాడే ఇళ్లు మారదామని గురులింగప్ప కబురు పెట్టాడు. దేవమ్మ లబలబలాడింది. ఇంత మోసం చేశాక ఆ ఒక్క మాటైనా విందామని భాగీరథి ఒప్పుకుంది. దారిలో రెండిళ్ల సామాన్ల బండ్లూ ఎదురుపడ్డాయి. ఆమె శాంతమ్మ ముఖం చూడలేకపోయింది. శాంతమ్మ కూడా తల తిప్పుకుంది. ఇల్లు విడిచిన దిగులేమో, పాపం.

ఆ రాత్రి అందరూ హాయిగా నిద్రపోయారు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర కంచాలు వాటంతటవే నేలమీద జరుగుతున్నాయి. గోడలు వణుకుతున్నాయి. అన్నం మీద పచ్చటి పొట్టు ధూళి రాలుతోంది. పాప దగ్గుతోందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. పొద్దున్నే భాగీరథి పక్క గల్లీలోకి పోయి, ఎత్తుగోడ అవతల ఏముందో కనుక్కొచ్చింది.

"పప్పుల మిల్లు! రాత్రీ పగలూ నడుస్తదట!" అని జగన్‌మోహన్ తల్లి చెవిలో అరిచాడు.

"ఏం ఆగదా బిడ్డా, ఎన్నడన్న?" అని దేవమ్మ కోడలివైపు తిరిగి గొంతు చించుకుంది.

భాగీరథి పాప కంచంలోని అన్నాన్ని చేత్తో కప్పి, తన నిర్ణయం ఇంటిల్లిపాదికీ వినపడేలా చెప్పింది: "ఆగుతది అత్తమ్మా, అమాసకొక్కనాడు. ఈ ఇల్లు చూడనీకి ఎవలొస్తమన్నా ఆనాడే రమ్మనుండ్రి."