పసుపు రాసిన పట్టకారు

లోవలక్ష్మి తెల్లారగట్ల జుట్టు విరబోసుకుని రేవులో నిలబడిందనీ, గోదారికేసి చూస్తూ ఏదో గొణిగిందనీ, ఆ సాయంత్రానికే కులపెద్ద గంగయ్య మనవరాలికి జ్వరంతో ఒళ్ళు కాలిపోయిందనీ పక్కింటి తలుపులమ్మ చెప్పిందట. ఎవరితో చెప్పిందో ఎవరికీ తెలియదు. మర్నాడు పొద్దెక్కేసరికి పల్లెపాలెం మొత్తానికి తెలుసు.

ఇప్పుడు లోవలక్ష్మిని గంగయ్య వాకిట్లో, వలలు ఆరేసే గుంజకి కట్టేశారు. ఎదురుగా మంత్రగాడు పోతురాజు సంచిలోంచి ఇనప పట్టకారు తీసి దానికి పసుపు రాస్తున్నాడు.

“ఇది పిల్లకి చేతబడి చేసింది, చిల్లంగి పెట్టింది. ముందుపళ్ళు రెండూ పీకేస్తే ఇక దీని నోట మంత్రం నిలవదు. పిల్ల లేచి కూచుంటుంది” అన్నాడు.

పోతురాజు ఎగువ కొండల నుంచి పడవలో దిగాడు. మంచి వయసులో ఉన్న మనిషి. మూతి కనపడకుండా వేలాడే నల్లటి మీసం. మాట మాటకీ సన్నగా ఈల వినపడేది. లోపలున్న భూతం పలుకుతోందన్నారు. గంగయ్య ఇంట్లో తేగలు పెడితే కొరకలేదు, గోళ్ళతో తుంచి తుంచి బుగ్గన పెట్టుకున్నాడు. మంత్రసిద్ధి ఉన్నవాళ్ళు అలాగే తింటారు కాబోలనుకున్నారు. ధూపం వేసి అతను చదివిన మంత్రంలో ఒక్క ముక్కా ఎవరికీ అర్థం కాలేదు. అందుకే భయం ఇంకా ఎక్కువైంది.

అప్పుడు వచ్చింది లోవలక్ష్మి అత్త పాపాయి, నెత్తిన చేపల తట్టతో. పాపాయితో బేరమాడి గెలిచినవాడు ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా లేడని పేరు.

“ఏం గంగయ్య బావా, నేను చేపలమ్ముకొచ్చేలోపు నా కోడల్ని దొంగగొడ్డులా కట్టేశారేంటి?”

“పిల్లకి జ్వరం పాపాయీ! నీ కోడలు జుట్టు విరబోసుకుని...”

“తలంటుకున్న జుట్టు ఆరబెట్టుకోక తడితోనే ముడేసుకుంటారా? గొణిగిందంటావా, అది నన్నే తిట్టుకుంది. ముందురోజు దానికీ నాకూ తగువు పడింది. గోడవతల నించుని తలుపులమ్మ అంతా వింది గదా, అది చెప్పలేదేం?”

తలుపులమ్మ పక్కావిడ వెనక్కి జరిగింది.

“నీళ్ళు ఎర్రబడ్డాయి పాపాయీ” అన్నాడు గంగయ్య. “దీని పేరు చెప్పి పోతురాజుగారు పసుపునీళ్ళలో చెయ్యి పెడితే రక్తంలా అయిపోయాయి. కళ్ళారా చూశాం.”

“పసుపులో సున్నం పడితే ఎర్రబడక నల్లబడతాయా? మీ అమ్మాయి పెళ్ళికి నువ్వు కలిపించింది హారతి నీళ్ళా, చిల్లంగా? ఆనకట్ట కట్టి కాలవలు తవ్వినప్పట్నుంచీ ఇంటింటికీ చలిజ్వరమే. అన్నిళ్ళకీ తిరిగి చిల్లంగి పెట్టడానికి దీనికి తీరికెక్కడిది? కూరలో ఉప్పెయ్యడానికే తీరిక లేదు!”

ఎవరో కిసుక్కున నవ్వారు.

“నా మంత్రంతో పరాచికాలా?” అని పోతురాజు గర్జించాడు. “ఇంకాసేపు ఆలస్యమైతే పిల్ల దక్కదు. తర్వాత నన్ననకండి.”

నవ్వు ఆగిపోయింది. గంగయ్య వచ్చి లోవలక్ష్మి గడ్డం గట్టిగా పట్టుకున్నాడు. పట్టకారు నోటి దగ్గరికొచ్చింది. లోవలక్ష్మి అరవలేదు. “అత్తా” అని మాత్రం అంది.

పాపాయి తట్ట దించింది. ఒక్కసారిగా ఆమె గొంతు మెత్తబడింది. పెద్ద బేరం తగిలినప్పుడు వచ్చే గొంతు అది.

“సరేనండి బాబూ. మీకు తెలిసినంత మాకేం తెలుసు? పీకే ముందు ఒక్క సందేహం తీర్చండి. నా నోట్లో ఒక్క పన్నూ లేదు. నా తిట్లు మాత్రం అవతలి లంక దాకా వినపడతాయి. మంత్రం మటుకు పళ్ళు లేకపోతే ఎందుకు పలకదండీ?”

“నీవి వయసుకి ఊడాయి. అది లెక్కలోకి రాదు. ఇనుము తగలాలి. ఇనుముతో పీకిన నోట మళ్ళీ మంత్రం పుట్టదు.”

“ఎంతటోడికైనానా?”

“ఎంతటివాడికైనా.”

“పట్టిసీమ వీరభద్రుడి మీద ఒట్టేనా?”

“ఒట్టే!”

“విన్నావుగా బావా?”

“విన్నాను” అన్నాడు గంగయ్య. విన్నామన్నారు మిగతావాళ్ళు.

పాపాయి చేతులు జోడించి దగ్గరికెళ్ళింది. కాళ్ళకి మొక్కుతుందనుకుని పోతురాజు దీవించడానికి కాస్త వంగాడు. పొద్దస్తమానం చేపల మొప్పలెత్తి చూపించే చెయ్యి అది. రెండు వేళ్ళతో చటుక్కున అతని మీసం పైకెత్తింది.

అటూ ఇటూ పళ్ళు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. నడిమధ్యన రెండింటి చోటు ఖాళీ.

గంగయ్య చెయ్యి లోవలక్ష్మి గడ్డం మీంచి జారిపోయింది.

“ఏంటీ మోటతనం! నన్ను ముట్టుకుంటే ఏమవుతావో తెలుసా?” పోతురాజు అరిచాడు. ఆ ఈల ఈసారి వాకిలంతా వినపడింది.

“ఏమోనండి. మరి తమరివి ఏ ఊరోళ్ళు పీకారండీ?” అంది పాపాయి.