ముందే ఒక కాపీ

"నలభై తొమ్మిది డాలర్లు" అని బోర్డు మీద ధర రాసి, లోర్నా మళ్ళీ చెరిపేసింది.

"ఇది ఆరోసారి," అన్నాడు కర్టిస్ తలెత్తకుండానే. "ఆ బోర్డుకు చిల్లు పడేట్టుంది."

"యాభై తొమ్మిది పెడితే ఇదివరకు కొన్నవాళ్ళు మళ్ళీ కొనరు. ముప్పై తొమ్మిది పెడితే మనం ఏప్రిల్ దాటం. ముందు నుయ్యి, వెనక గొయ్యి."

కెనడాలోని కిచెనర్ ఊళ్ళో ఆ కంపెనీకి మనుషులు ఇద్దరే, సరుకు ఒక్కటే. ప్రోగ్రాములు రాసేవాళ్ళు రెండు ఫైళ్ళను పక్కపక్కన పెట్టి, తేడాలు చూసుకుని, ఒకటిగా కలుపుకునే టూల్ అది. తొమ్మిదేళ్ళుగా వాళ్ళకు కూడు పెడుతున్నది అదే.

గురువారం కొత్త వెర్షన్ విడుదల. "ఎంత పెద్ద ఫైలైనా కలుపుతుంది" అన్న ఒక్క మాట మీద, పాతవాళ్ళ చేత మళ్ళీ డబ్బు కట్టించాలి. కట్టకపోతే కంపెనీ మూతే.

లోర్నాకు భయం పట్టుకుని నెలయింది. మెయిల్ వచ్చిన చప్పుడైనా ఉలిక్కిపడుతోంది.

ఆ మంగళవారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది.

ఎవరో పెద్దాయన. మంచు బురద అంటిన బూట్లు గుమ్మం దగ్గరే విప్పి, మేజోళ్ళతో లోపలికి వచ్చాడు.

"కొత్త వెర్షన్ కాపీ ఒకటి కావాలమ్మా. ఇవాళే."

"గురువారం వస్తుంది సార్, అందరితోపాటే."

"డబ్బు ఇప్పుడే ఇస్తాను. ఎంత?"

"ఇంకా... నలభై తొమ్మిది."

ధర అలా ఖాయమైపోయింది.

ఆయన రెండు ఇరవైలు, ఒక పది తీసి బల్ల మీద పెట్టాడు.

లోర్నా వాటిని ముట్టుకోలేదు. పోయినసారి విడుదలకు రెండు రోజుల ముందు, ఎవడో ఇలాగే ఒక కాపీ సంపాదించి నెట్‌లో అందరికీ ఊరికే పంచిపెట్టాడు. అమ్మకాలు సగానికి పడిపోయాయి. అప్పటినుంచి ఆమెకు తాడును చూసినా పామే.

"అంత తొందరేం సార్?"

"ఎంత పెద్ద ఫైలైనా అని ప్రకటనలో రాశారు. ఎంత పెద్దది పెట్టి చూశారు?"

కర్టిస్ కుర్చీ గిర్రున తిప్పాడు. "చూడాల్సినంత చూశాం. ఫైళ్ళు కలిపే ఆ భాగం తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా కూలలేదు."

"కూలలేదు బాబూ. అంత బరువు దానిమీద ఎవరూ మోపలేదు. నాలుగు రోజులు ఆగండి. ఈలోగా నేను చూసి చెబుతాను."

"అసలు మీరెవరు?" అంది లోర్నా.

"మొదట్లో మీ దగ్గర కొన్నవాణ్ణి."

అంతకుమించి చెప్పలేదు. చెప్పకపోవడంతో ఆమె అనుమానం ఇంకా పెరిగింది. నోట్లు మూడూ ఆయనవైపే తోసేసింది.

"గురువారం రండి సార్."

ఆయన నోట్లు తీసుకున్నాడు. గుమ్మం దగ్గర కూర్చుని, నెమ్మదిగా బూట్ల తాళ్ళు కట్టుకున్నాడు.

"మీ ఇష్టమమ్మా."

తలుపు మూసుకోగానే కర్టిస్ నవ్వాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకో!"

"నవ్వకు. ఆగమంటున్నాడు చూడు. పోటీవాళ్ళే పంపి ఉంటారు."

"లేదా దొంగ. నువ్వు ఇచ్చుంటే సాయంత్రానికి లోకమంతా పంచేవాడు."

లోర్నా లేచి వెళ్ళి తలుపుకు గడియ పెట్టింది.

గురువారం పొద్దున తొమ్మిదికి విడుదల చేశారు. పదిన్నరకు రెండు వందల పన్నెండు అమ్ముడయ్యాయి. కర్టిస్ ఈల వేశాడు. లోర్నా నెల తర్వాత మొదటిసారి కడుపునిండా తిన్నది.

పదకొండుకు ఒక మెయిల్.

"మీ టూల్ కలిపిన ఫైల్లో సగమే ఉంది. మిగతా సగమేది?"

తర్వాత మరొకటి. తర్వాత ఐదు. తర్వాత ఇరవై. ఒక యూనివర్సిటీ వాళ్ళది రెండేళ్ళ శ్రమ పోయిందట. పెద్ద ఫైలు పెడితే చాలు, టూల్ "భద్రం చేశాను" అని చూపిస్తూనే అసలు ఫైల్లోనే వెనక సగం కోసేస్తోంది.

అమ్మకం ఆపేశారు. కర్టిస్ చెమటలు కక్కుతూ గంటసేపు వెతికాడు.

"తప్పు మనం రాసినదాంట్లో లేదు లోర్నా."

"మరి?"

"ఫైళ్ళు కలిపే భాగం మనది కాదు. ఎవరో నెట్‌లో ఊరికే వాడుకోమని పెట్టారు. మొదట్లోనే తెచ్చి అతికించాను."

"ఎవరు రాశారు?"

కర్టిస్ తల దించుకున్నాడు. "ఎప్పుడూ చూడలేదు. ఎవరూ చూడరు."

తొమ్మిదేళ్ళుగా వాళ్ళు అమ్ముకుంటున్నది ఎవరి కష్టమో. ఒక డాలరు ఇచ్చింది లేదు, థాంక్స్ చెప్పిందీ లేదు.

ఆ భాగంతోపాటు వచ్చిన వివరాల ఫైల్ని కర్టిస్ మొదటిసారి తెరిచాడు. పేరు లేదు. "ఇబ్బంది వస్తే ఫోన్ చేయండి" అన్న ఒక్క ముక్క, కింద నంబరు.

"ఈ ఊరి నంబరే!"

లోర్నా చేసింది. మొదటి రింగుకే ఎత్తారు.

"సార్, మేమెవరో మీకు తెలియదు. మీరు రాసినది మా టూల్లో వాడుకున్నాం. జనం ఫైళ్ళు తెగిపోతున్నాయి. మీరే మమ్మల్ని కాపాడాలి."

"చూస్తున్నానమ్మా. పొద్దున్నే కొన్నాను. తప్పు నాదే, గంటలో సరిచేసి పంపుతాను."

"తెగిపోయిన ఫైళ్ళు?"

"అవి నావల్ల కాదు. పోయినవి పోయినట్టే."

ఆమెకు ఏడుపొచ్చేసింది. "ఎంత ఇమ్మన్నా ఇస్తాం సార్."

అవతలి గొంతులో కోపం లేదు.

"నాకేం వద్దమ్మా. మంగళవారం చూసి చెబుదామనే వచ్చాను, మీరేమో గురువారం రమ్మన్నారు."