గోడ మీద చప్పుడు

ఠక్... ఠక్... ఠక్.

సైన్స్ మాస్టారు ఎర్ర పెన్ను విసిరికొట్టాడు.

గోడకు ఆనించిన బల్ల మీద పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడేమో, ఆ చప్పుడు చెవికన్నా ముందు మోచేతికి తగిలింది.

"మొదలెట్టింది మహాతల్లి!" అని గొణుక్కుంటూ లేచి పక్క గది తలుపు తీశాడు.

ఉయ్యాల్లో పాప ఏడుస్తోంది. ఎత్తుకుని భుజాన వేసుకుని జోకొట్టాడు.

అతని భార్య నర్సు. ఆమె సాయంత్రం డ్యూటీకి వెళితే, తిరిగొచ్చేదాకా పసిదాని బాధ్యత అతనిది.

పక్క వాటాలో ఒంటరిగా ఉండే ముసలావిడకు మాత్రం ఈ పాప నోరు విప్పితే చాలు, గోడ బాదడమే పని.

అదీ ఎలాగంటే, ఏడుపు ఇతని చెవిన పడే లోపే బాదేది. మాస్టారికి ఒళ్ళు మండే సంగతి అదే.

"పసిపిల్ల ఏడవక పాఠాలు చెబుతుందా?" అంటూ ఒకరోజు పాపను చంకనేసుకుని వెళ్ళి ఆవిడ తలుపు తట్టాడు.

ఆవిడ తలుపు తీసి, ముందు పాప బుగ్గలు కొంగుతో తుడిచింది.

"అది కాదు బాబూ, నేను కొట్టేది ఎందుకంటే..."

"మీరేం చెప్పక్కర్లేదు మామ్మగారూ! ఇంకోసారి గోడ మీద చెయ్యి పడిందంటే మర్యాదగా ఉండదు."

మర్నాడు మళ్ళీ చప్పుడు. మాస్టారు నేరుగా ఇంటి యజమానికి ఫోన్ చేశాడు.

"గోడలకు చెవులుంటాయని విన్నానండీ. ఈ గోడకు చేతులు కూడా ఉన్నాయి. ఈ ఇంట్లో ఆవిడైనా ఉండాలి, మేమైనా ఉండాలి!"

నెల తిరక్కుండా ముసలావిడ ఖాళీ చేసింది. పోయేముందు గుమ్మం దగ్గర నిలబడి ఏదో చెప్పబోయింది గానీ, మాస్టారు చూడనట్టు లోపలికి వెళ్ళిపోయాడు.

ఇక ఇల్లు ఎంత ప్రశాంతమో! పేపర్లు చకచకా దిద్దేస్తున్నాడు.

"చూశావా? ఆవిడ పోయింది, మన పాప ఏడవడమే మానేసింది" అన్నాడు భార్యతో గొప్పగా.

ఆమె పాపను ఎత్తుకుని మొహంలోకి చూసింది.

"ఏడవకపోతే దీని గొంతు ఇలా ఎందుకు బొంగురుపోయిందండీ?"

"చల్లగాలి తగిలి ఉంటుందిలే."

ఆ వారం ఏడో తరగతిలో ధ్వని తరంగాల పాఠం వచ్చింది. బోర్డు మీద చెవి బొమ్మ గీసి, కర్ణభేరి ఎలా అదురుతుందో చెప్పడంలో మాస్టారిని మించినవాళ్ళు లేరు.

"తరంగాలు దగ్గర దగ్గరగా వచ్చేకొద్దీ శబ్దం సన్నబడుతుంది. ఇప్పుడు ఫోన్లోంచి స్పీకర్లో ఒక ఈల వినిపిస్తాను. వినబడినంతసేపూ చెయ్యెత్తి ఉంచండి."

ఈల మొదలైంది. సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఆగిపోయింది.

"ఇక దించండి."

ఒక్క చెయ్యీ దిగలేదు.

"ఆగిపోయింది కదర్రా!"

"లేదు సార్, వస్తోంది!"

"నాతోనా వేళాకోళం?"

పిల్లలు బెదిరిపోయారు గానీ చేతులు దించలేదు. కొందరు రెండో చేత్తో చెవి మూసుకున్నారు.

ఇంతలో రేపోమాపో రిటైరవబోయే హెడ్మాస్టరు గుమ్మంలోకి వచ్చాడు.

"ఆ ఈల ఆపండి మాస్టారూ, పుణ్యముంటుంది! నా గదిలోకొచ్చి చెవిలో పొడుస్తోంది."

మాస్టారు ఫోన్ వంక చూశాడు. తెర మీద సెకనుకు ఎన్ని తరంగాలో చూపే అంకెలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి.

అతనికి పాప మొహం గుర్తొచ్చింది. ఎప్పుడు తలుపు తీసినా కళ్ళు ఉబ్బి, పక్క తడిసి ఉండేది. అప్పుడే ఏడుపు అందుకున్న పిల్ల అలా ఉండదు.

వరండాలోకి పరుగెత్తి ఇంటి యజమానికి ఫోన్ చేశాడు.

"ఓనరుగారూ, ఆ మామ్మగారు ఎక్కడికెళ్ళారండీ? ఆవిడ కాళ్ళు పట్టుకోవాలి నేను."

"ఎక్కడికో చెప్పలేదు మాస్టారూ. మీకు కోపమొస్తుందని నేనే దాచాను గానీ, వెళ్తూ వెళ్తూ ఒక మాట అంది."

"ఏమని?"

"'ఆ తండ్రికి బిడ్డ ఏడుపు వినబడట్లేదు, కొత్తగా దిగేవాళ్ళనైనా కాస్త గోడ కొడుతుండమని చెప్పండి' అంది."