మూడో ఊపిరి

ఊపిరి శిబిరానికి వెళ్లొచ్చిన నాటి నుంచి పరుశురాంలో మొగుడు తగ్గిపోయి గురువు పెరిగిపోయాడని జమున బాధ. పప్పు మాడితే ఊపిరి తీసుకో అంటాడు. సిలిండర్ అయిపోతే ఊపిరి తీసుకో అంటాడు. సిలిండర్ మాత్రం తేడు.

ఆ రాత్రి కరెంటు సెలవు. ఖటోదరా పేటలో వాళ్ల గది కింద మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. ఆ చప్పుడు లేకపోతే జమునకు నిద్ర పట్టదు. గురువుగారికి సందు దొరికింది. చీకట్లోనే గట్టిగా లెక్కపెడుతూ పాఠం చెప్పాడు. నాలుగు దాకా పీల్చాలి, ఆరు దాకా వదలాలి. పదిసార్లయ్యాక, ఇక మనసులో లెక్కపెట్టుకోమన్నాడు.

కాసేపటికి ఆమెకు మూడో ఊపిరి వినిపించింది. ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే.

"ఓ గురువుగారూ, ఇంకెవలో గూడ తీస్తున్నరు."

"నీ ఊపిరే నీకు ఇనవడుతున్నది. మనసు నిలుపవు, గదే నీ బీమారి."

"నా మనసు సంగతి రేపు జూద్దాం. జర ఊపిరి బిగవట్టు. నేను గూడ బిగవడ్త."

ఇద్దరూ బిగబట్టారు.

మంచం కింద ఎవరో నాలుగు అంకెల సేపు గాలి పీల్చుకున్నారు. ఆరు అంకెల సేపు, ఏ తొందరా లేకుండా, వదిలారు. జమున ఇన్నాళ్లలో ఒక్కసారీ అంత చక్కగా తీయలేదు.

పరుశురాం చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. కిందికి వేలాడుతున్న దుప్పటి అంచును రెండో చేత్తో మెల్లగా పైకి లాక్కున్నాడు.

"తప్పు నాదే జమునా," అన్నాడు. "గంత గట్టిగ లెక్కవెట్టకుండ ఉండాల్సింది. ఇంకెవలో నేర్చుకున్నరు."