ఫొటో ఎక్కడిది

"మీ ప్రోగ్రాంలో ఎక్కడో తప్పుందండీ భూలక్ష్మి గారూ," అంది టీచరు ప్రసన్నకుమారి స్క్రీన్ కేసి చూస్తూ.

అమలాపురంలో కంప్యూటర్ సెంటరది. క్లాసులో మిగతావాళ్లంతా వెళ్లిపోయారు. మౌసు పట్టుకోవడం ఈమధ్యే నేర్చుకున్న భూలక్ష్మి ఒక్కతే ఉండిపోయింది. ఫోన్‌తో తీసిన ఫొటోలో అది తీసిన చోటు కూడా దాగి ఉంటుంది, దాన్ని బయటపెట్టే చిన్న ప్రోగ్రాం రాయడమే ఆ రోజు పాఠం. అందరూ అప్పనపల్లి గుడి దగ్గరివీ, పెరట్లోవీ ఫొటోలు పెట్టి చూసుకున్నారు. భూలక్ష్మి మాత్రం వాళ్లు వెళ్లేదాకా ఆగి, భర్త గంగబాబు మెయిల్లో పంపిన ఫొటో పెట్టింది. ఇసుకలో టోపీ పెట్టుకుని నవ్వుతున్నాడు.

"మీవారు దోహాలో ఉన్నారన్నారు కదండీ?"

"ఆయ్. అలాగే అన్నానండి."

"ఇది మన పక్కనున్న కాట్రేనికోన అని చూపిస్తోంది మరి."

ప్రసన్నకుమారి ఒక్కో లైనూ వేలు పెట్టి చదివింది. తప్పు దొరకలేదు. తన ఫొటో ఒకటి పెట్టింది. అమలాపురం అని సరిగ్గానే వచ్చింది. మళ్లీ గంగబాబు ఫొటో పెట్టి మ్యాపు తెరిచింది. సముద్రం ఒడ్డున రొయ్యల చెరువులు. ఓ చెరువు గట్టు మీద ఎర్ర గుర్తు.

ప్రసన్నకుమారి గబుక్కున స్క్రీన్ ఆపేసింది.

"ఇవి ఒక్కోసారి తప్పు చూపిస్తాయండీ. మీరేం మనసులో పెట్టుకోకండి."

"తప్పేం లేదు మేడమ్ గారూ. ఆయన అక్కడే ఉన్నారు."

ప్రసన్నకుమారి కుర్చీ ఆమె వైపు తిప్పుకుంది.

"దోహాలో కంపెనీవాళ్లు పనిలోంచి తీసేసేరు. ఇంటికి రావడానికి మొహం చెల్లక ఆ చెరువులకి కాపలా ఉంటన్నారు. మా తమ్ముడు చూసొచ్చి చెప్పేడు. నాకు తెలుసని ఆయనకి తెలీదండి."

"అన్నీ తెలిసి మళ్లీ ఈ ఫొటో పెట్టి చూడటం దేనికండీ?"

"పాఠం విన్నాక గుండె ఆగినంత పనైంది. నిజంగానే చెప్పేస్తుందో లేదో చూద్దామని."

భూలక్ష్మి చెయ్యి చాపి స్క్రీన్ మళ్లీ వెలిగించింది.

"ఇప్పుడు ఇందులోంచి ఆ ఊరి పేరు చెరిపేయడం నేర్పండి. రేపట్నించి మా అమ్మాయి దివ్య మీ క్లాసుకొస్తోంది, వాళ్ల నాన్న ఫొటోలన్నీ పట్టుకుని."